మారువేషం లేని రాణి

హైదరాబాదు నుంచి బొంబాయి వైపు వెళ్ళే పాత రైలుమార్గం లింగంపల్లి దాటాక శంకరపల్లి మీదుగా వికారాబాదుకు, అక్కడినుంచి తాండూరు మీదుగా వాడికి సాగిపోతుంది. నేను పనిచేసే పటాన్‌చెరు పారిశ్రామికవాడకు దక్షిణాన, పొలాల అవతల ఉంటుందది. 1874లో నిజాం రాజ్యాన్ని బొంబాయితో కలిపిన మార్గమదే. పత్తి బేళ్ళు, ఉత్తరాలు, నాటక సమాజాలు, ఆ తర్వాత రేకు డబ్బాల్లో చుట్టిన సినిమా రీళ్ళు, అన్నీ ఆ పట్టాల మీదుగానే నగరం చేరేవి. రాత్రి షిఫ్టు ముగిసి ఇంటికి వస్తూ దూరాన బండి కూత విన్నప్పుడల్లా నాకు 1924లో బొంబాయి నుంచి హైదరాబాదుకు వచ్చిన ఒక మూకీ చిత్రం గుర్తుకు వస్తుంది. ఆ చిత్రం పేరు 'రజియా బేగం'. దాన్ని నగరంలో ప్రదర్శించిన వ్యక్తి రాజ్యం విడిచి వెళ్ళిపోవలసి వచ్చింది.

ఈ ఉదంతం సినిమా చరిత్ర పుస్తకాలలో సాధారణంగా రెండు వాక్యాలలో ముగిసిపోతుంది. ధీరేంద్రనాథ్ గంగూలీ అనే బెంగాలీ కళాకారుడు నిజాం అండతో హైదరాబాదులో సినిమాలు తీశాడని ఒక వాక్యం, ఒక ముస్లిం రాణి ప్రేమకథను చూపి నిజాం ఆగ్రహానికి గురయ్యాడని రెండో వాక్యం. రెండూ నిజమే. కాని ఆ రెండింటి నడుమ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. రాజులు, రాణులు, రాకుమారులు సామాన్యులను ప్రేమించే కథలు అప్పటి మూకీ ప్రపంచంలో కోకొల్లలు. జనం వాటిని చూసి పగలబడి నవ్వుకునేవారు. ప్రపంచమంతటా నవ్వుతాలుగా సాగిన కథ ఈ ఒక్కచోట ఎందుకు నేరమయింది? ఆ ప్రశ్న వెంట నడిచి చూద్దామనే ఈ టపా.

ముందు ఆ మనిషిని గురించి చెప్పుకోవాలి. డి.జి. అనే పొట్టిపేరుతో ప్రసిద్ధుడైన గంగూలీ 1893లో కలకత్తాలో పుట్టాడు. శాంతినికేతన్‌లో చదువుకున్నాడు. చిత్రకారుడు, ఛాయాచిత్రకారుడు. అన్నిటికంటె ముఖ్యంగా రూపాలు మార్చడంలో దిట్ట. తన ముఖాన్నే కాన్వాసుగా చేసుకొని పిసినారిగా, జమీందారుగా, ముసలివాడిగా, ఆడదానిగా వేషాలు కట్టి ఫొటోలు తీసుకొని 'భావేర్ అభివ్యక్తి' అనే పేరుతో పుస్తకంగా ప్రచురించాడు. అందులోని అందరూ ఒక్కడే అని చెబితే తప్ప తెలియదట. తర్వాతి కాలంలో పోలీసులకు మారువేషాలు వేయడంలో తర్ఫీదు ఇచ్చాడని కూడా ఆయన గురించి చెప్పుకుంటారు. మన పగటివేషగాళ్ళు ఊరూరా తిరిగి చేసే పనిని కెమెరా ముందు చేసినవాడని అనుకుంటే సరిపోతుంది.

ఆయన సినిమాల్లోకి రాకముందే హైదరాబాదు మనిషి. నిజాం రాజ్యంలోని చిత్రకళా పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాడు. తరువాత కలకత్తాలో మిత్రులతో కలిసి ఇండో బ్రిటిష్ ఫిల్మ్ కంపెనీ స్థాపనలో పాలుపంచుకున్నాడు. 1921లో వచ్చిన 'బిలాత్ ఫేరత్' చిత్రానికి కథ రాసి, నాయకుడిగా నటించాడు. సీమకు వెళ్ళి వచ్చిన యువకుడొకడు సొంత ఇంట్లోనే పరాయివాడై, ప్రేమ విషయంలోనూ పెళ్ళి విషయంలోనూ తన కొత్త పద్ధతులతో పెద్దలను బెంబేలెత్తించడమే అందులోని హాస్యం. పురాణ కథలే రాజ్యమేలుతున్న రోజుల్లో సమకాలీన సమాజాన్ని చూసి నవ్విన తొలి భారతీయ చిత్రాలలో అదొకటి.

ఆ మరుసటి ఏడాది, అంటే 1922లో, ఆయన హైదరాబాదుకు తిరిగి వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీని నెలకొల్పాడు. అప్పుడు సింహాసనం మీద ఉన్నది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన 1911లో గద్దెనెక్కాడు. 1918లో ఉర్దూ బోధనా భాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలయింది. కొత్త విద్యలకు, కొత్త యంత్రాలకు రాజాశ్రయం దొరుకుతున్న కాలమది. గంగూలీకి కూడా దొరికింది. ఒక ప్రయోగశాల, రెండు సినిమాహాళ్ళు, వాటితోపాటు ఏడాదికి పలు చిత్రాలు తీసే తీరిక. 'లేడీ టీచర్', 'హరగౌరి', 'సాధు ఔర్ షైతాన్', 'మ్యారేజ్ టానిక్', 'చింతామణి', 'యయాతి', 'విమాత' వంటి చిత్రాలు 1922, 1923 సంవత్సరాలలో ఆ కంపెనీ పేరున వచ్చాయి.

ఈ పేర్లను ఒకసారి నెమ్మదిగా చదవండి. సగం పురాణం, సగం ప్రహసనం. లీలాశుకుడి కథగా తెలుగువారందరికీ తెలిసిన చింతామణి పక్కనే పెళ్ళికి టానిక్కు. పార్వతీ పరమేశ్వరుల పక్కనే పంతులమ్మ. మన తెలుగు సినిమా చరిత్రలో మూకీ యుగమనగానే రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్, 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ', మద్రాసు పట్నం గుర్తుకు వస్తాయి. అది న్యాయమే. కాని దాదాపు అదే సమయంలో మూసీ ఒడ్డున ఒక హాస్యప్రియుడు వరుసగా చిత్రాలు తీశాడన్న సంగతి మన లెక్కల్లోకి అంతగా రాదు. గంగూలీ బెంగాలీ కావడం వల్ల ఆ చిత్రాలు బెంగాలీ సినిమా చరిత్రలో ఒక అధ్యాయంగా చేరిపోయాయి. మాట లేని చిత్రానికి భాష ఏది? తీసినవాడి భాషా, తీసిన ఊరి భాషా, చూసి నవ్వినవాడి భాషా? హైదరాబాదులో పుట్టిన బిడ్డలు కలకత్తా చిరునామాతో పెరిగాయి. వేషాలు మార్చే మనిషి చిత్రాలకు కూడా పోలిక తప్పింది.

ఆ పోలిక తప్పడం 'రజియా బేగం' విషయంలో మరీ ఎక్కువ. ఆ చిత్రాన్ని గంగూలీయే తీశాడని రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. అది బొంబాయిలో తయారయిన చిత్రం. గంగూలీ దాన్ని తెచ్చి హైదరాబాదులో ప్రదర్శించాడు, అంతే. కథలో ముస్లిం రాణి ఒక హిందువును ప్రేమిస్తుందని చెబుతారు. నిజాం ఆగ్రహించి గంగూలీని వెంటనే రాజ్యం విడిచి పొమ్మని ఆజ్ఞాపించాడు. లోటస్ కంపెనీ కథ అక్కడితో సరి. తాను తీసిన చిత్రాలకు రాజాశ్రయం, తాను తీయని చిత్రానికి రాజదండనం. ఒకరి తప్పు మరొకరి నెత్తికి చుట్టుకునే ఈ తికమకను ఆయనే కథగా రాసి ఉంటే జనం నవ్వి ఉండేవారు.

ఇక చరిత్రలోని రజియా సంగతి. ఢిల్లీ సుల్తాను ఇల్తుత్మిష్ కుమార్తె ఆమె. 1236 నుంచి 1240 వరకు ఢిల్లీని ఏలింది. సమకాలికుడైన మిన్హాజ్ సిరాజ్ ఆమెను గొప్ప పాలకురాలిగానే వర్ణించాడు. పరదా విడిచి, స్త్రీ దుస్తులు మాని, పురుషులు తొడిగే ఖబా, కుళ్ళాయి ధరించి, ఏనుగెక్కి జనం మధ్యకు వచ్చిందని కూడా ఆయనే రాశాడు. జమాలుద్దీన్ యాకూత్ అనే హబ్షీని ఆమె అశ్వశాలాధిపతిగా నియమించింది. తురుష్క సర్దారులకు అది కంటగింపయింది. తిరుగుబాటు జరిగింది. యాకూత్‌ను చంపారు. ఆమె తనను బంధించిన అల్తూనియానే పెళ్ళాడి సింహాసనం కోసం మళ్ళీ పోరాడి, ఓడి, 1240లో ప్రాణాలు కోల్పోయింది. రజియాకు యాకూత్‌తో ప్రేమ అన్నది తరువాతి రచయితలు ఊరించి పెంచిన మాట. సుమారు వంద సంవత్సరాల తరువాత వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా చెవికి అది వదంతి రూపంలో చేరింది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక ముస్లిం అధికారి వందల ఏళ్ళ కథనాల గుండా నడిచి వచ్చి, 1924 నాటి వెండితెర కథను చెప్పుకునేవారి నోట హిందూ ప్రేమికుడయ్యాడు. ఇది మరొక పోలిక తప్పడం.

ఇప్పుడు కొంచెం దూరదేశం వెళ్ళి వద్దాం. 'రజియా బేగం' వచ్చిన రెండేళ్ళకు, 1926లో, అమెరికాలో 'బెవర్లీ ఆఫ్ గ్రౌస్టార్క్' అనే చిత్రం విడుదలయింది. జార్జ్ బార్ మెకచెన్ నవల ఆధారంగా సిడ్నీ ఫ్రాంక్లిన్ దర్శకత్వం వహించిన మూకీ. నాయిక మారియన్ డేవిస్, అప్పటి హాస్యతారల్లో మేటి. గ్రౌస్టార్క్ అనేది పటంలో ఎక్కడా లేని ఒక ఐరోపా రాజ్యం. దాని రాకుమారుడు సింహాసనం ఎక్కవలసిన సమయానికి మంచు మీద జారుడాట ఆడి గాయపడతాడు. గడువులోగా ఆయన రాజధానిలో కనిపించకపోతే కుట్రదారుల చేతికి రాజ్యం పోతుంది. అందుకని ఆయన బంధువైన అమెరికన్ యువతి బెవర్లీ జుట్టు కత్తిరించుకొని, సైనిక దుస్తులు తొడుక్కొని, తానే రాకుమారుడినని నమ్మిస్తూ రాజ్యంలో అడుగుపెడుతుంది. దారిలో ఆపద వస్తే ఒక మేకల కాపరి కాపాడతాడు. అతన్నే అంగరక్షకుడిగా పెట్టుకుంటుంది. ప్రేమిస్తుంది. తాను ఆడదాన్నని చెప్పలేదు, ప్రేమ దాచుకోనూ లేదు. ఆ ఇరకాటం నుంచే నవ్వంతా పుడుతుంది. చివరికి తేలేదేమిటంటే, ఆ మేకల కాపరి మేకల కాపరి కాడు. పక్క రాజ్యపు రాకుమారుడు. ఈ సంగతులన్నీ తేటతెల్లమయ్యే చివరి ఘట్టాన్ని అప్పుడప్పుడే వస్తున్న రెండు రంగుల టెక్నికలర్‌లో తీశారు. అంతవరకు నలుపు తెలుపుల్లో సాగిన చిత్రం, అసలు రూపాలు బయటపడేసరికి రంగుల్లోకి మారుతుందన్నమాట.

ఇంకా వెనక్కి, 1919కి వెళితే జర్మనీలో ఎర్న్‌స్ట్ లూబిచ్ తీసిన ముత్యపుచిప్పల రాకుమారి కథ ఉంది. ఆల్చిప్పల వ్యాపారంలో కోట్లు గడించిన అమెరికన్ తన కూతురికి రాకుమారుణ్ణే మొగుడిగా కొనాలనుకుంటాడు. చేతిలో చిల్లిగవ్వ లేని రాకుమారుడు నుకీ, పిల్లను చూసి రమ్మని సేవకుడు యోసెఫ్‌ను పంపుతాడు. ఆ తొందరపాటు పిల్ల యోసెఫ్‌నే రాకుమారుడనుకొని అక్కడికక్కడే పెళ్ళాడేస్తుంది. పెళ్ళి జరిగింది యోసెఫ్‌తో, పేరు మాత్రం రాకుమారుడిది. తరువాత ఆమె అసలు రాకుమారుణ్ణి ఎవరో తెలియకుండానే ప్రేమిస్తుంది. అప్పుడు యోసెఫ్ వచ్చి, పెళ్ళి మీ పేరునే జరిగింది గనుక మీరిద్దరూ ఎప్పుడో దంపతులయ్యారని చల్లగా చెబుతాడు. కథ కంచికి.

ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కోవ కథల కీలు ఎక్కడుందో తెలుస్తుంది. ప్రేక్షకుడు రెండు గంటలపాటు రాజుకూ సేవకుడికీ తేడా లేదన్న ఆనందాన్ని అనుభవిస్తాడు. మేకల కాపరి రాకుమారుణ్ణి ఎత్తుకుంటాడు, సేవకుడు సింహాసనంలాంటి సోఫాలో కూర్చుంటాడు, హద్దులన్నీ చెరిగిపోతాయి. చివరి రీలులో మాత్రం అంతా సర్దుకుంటుంది. ప్రేమించినవాడు ఎలాగూ రాజవంశీకుడే. జరిగింది పొరపాటే తప్ప అపరాధం కాదు. ముసుగు తీసేసరికి రాజు రాజు దగ్గరికి, సేవకుడు సేవకుడి దగ్గరికి చేరిపోతారు. ఇంతకంటె నిరపాయమైన తిరుగుబాటు మరొకటి ఉండదు. ఏ రాజైనా తన కుటుంబంతో కూర్చుని చూడవచ్చు.

ఇది ఐరోపావారి సొత్తేమీ కాదు. లోటస్ కంపెనీ జాబితాలోని 'యయాతి'నే తీసుకోండి. నన్నయ ఆదిపర్వంలో చదువుకున్న కథే. రాచబిడ్డ శర్మిష్ఠ, గురుపుత్రి దేవయాని జలక్రీడకు వెళతారు. ఒడ్డున పెట్టిన బట్టలు గాలికి కలగలిసిపోతాయి. ఒకరి చీర మరొకరు కడతారు. అక్కడ మొదలైన జగడం రాకుమారిని దాసిగా మారుస్తుంది. ఆ దాసిని రాజు యయాతి రహస్యంగా వరిస్తాడు. తారుమారైన బట్టలు, రాకుమారి దాసి కావడం, రాజు దాసిని ప్రేమించడం. మన ఇతిహాసంలో ఉన్నదీ అదే సామగ్రి. దాసి నిజానికి రాచపుట్టుక గలదే కనుక ఆమె కొడుకు పూరుడు సింహాసనం ఎక్కితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఈ చిత్రానికి నిజాం రాజ్యంలో అడ్డేమీ రాలేదు.

రజియా కథలో ఆ చివరి రీలు లేదు. ఆమె కూడా బెవర్లీలాగే పురుషుడి రాచదుస్తులు తొడిగింది. బెవర్లీ తొడిగింది మారువేషం, లోపల ఎవరో ప్రేక్షకుడికి తెలుసు కనుక నవ్వు వస్తుంది. రజియాది మారువేషం కాదు. తాను స్త్రీనని అందరికీ తెలిసేటట్టే, స్త్రీగానే సుల్తాను దుస్తులు తొడిగింది. దాచింది ఏమీ లేదు, కనుక బయటపడవలసిందీ ఏమీ లేదు. ఆమె గౌరవించిన యాకూత్ గుర్రపుసాలల అధికారిగానే బతికాడు, అలాగే చచ్చిపోయాడు. అతను ఏ పొరుగు దేశపు రాకుమారుడిగానూ తేలలేదు. చరిత్ర ఆయనకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. తెర మీద అతణ్ణి హిందువుగా చూపినా, హబ్షీగా చూపినా, రాణి తనకు సమానం కానివాణ్ణి కళ్ళు తెరిచి ఎంచుకుందన్న సంగతి మారదు. పొరపాటున ప్రేమించిందని సర్దిచెప్పుకునే వీలు ప్రేక్షకుడికి లేదు, రాజుకు అంతకంటె లేదు.

ఇక్కడ హైదరాబాదు సొంత కథ ఒకటి గుర్తుకు రాక మానదు. కులీ కుతుబ్‌షాహీ రాకుమారుడు ముహమ్మద్ కులీ, మూసీ అవతలి చిచ్‌లం గ్రామపు నర్తకి భాగమతిని ప్రేమించాడని, పొంగే నదిని దాటి ఆమెకోసం వెళ్ళాడని, ఆమె పేరునే నగరం వెలసిందని చెప్పుకుంటాం. నగరం పుట్టింది 1591లో. ఫెరిష్తా ఈ ప్రేమకథను ప్రస్తావించాడు. హరూన్ ఖాన్ షేర్వానీ వంటి చరిత్రకారులు భాగమతి అనే స్త్రీ ఉందనడానికే ఆధారాలు చాలవన్నారు. ఆధారాలు ఉన్నా లేకున్నా నగరం ఆ కథను గర్వంగా తన మొలకగా చెప్పుకుంది. ముస్లిం రాకుమారుడు, హిందూ నర్తకి. అద్దంలో పెట్టి చూస్తే, ముస్లిం రాణి, హిందూ ప్రేమికుడు. మనుషులు అవే, మతాలు అవే, ప్రేమ అదే. ఆడా మగా మాత్రం చోట్లు మారారు. మొదటి కథ మీద నగరం నిలబడింది. రెండో కథను చూపినవాడు నగరంలో నిలబడలేకపోయాడు.

నిజాం పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. హిందువులు అధిక సంఖ్యాకులైన రాజ్యాన్ని ముస్లిం వంశం ఏలుతున్న చోట, మతాల నడుమ ఉద్రిక్తతలు దేశమంతటా పెరుగుతున్న ఆ రోజుల్లో, అటువంటి కథ అల్లర్లకు దారితీయవచ్చునన్న భయం ఏ పాలకుడికైనా కలుగుతుంది. బ్రిటిష్ ఇండియాలో ఈ భయానికి ఒక వ్యవస్థ ఉండేది. 1918లో సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది. దాని వెంట బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్ నగరాలలో సెన్సారు సంఘాలు ఏర్పడ్డాయి. అక్కడ ఒక చిత్రం అభ్యంతరకరమనుకుంటే కత్తెర పడేది, లేదా అనుమతి ఆగేది. సంస్థానంలో ప్రభువు మాటే చట్టం. కత్తెర అక్కరలేదు. చిత్రానికి బదులు మనిషినే కత్తిరించి పారేయవచ్చు. ఒక ముక్క తీసేయమంటే సరిపోయేదేమో. మొత్తం కంపెనీ, దాని ప్రయోగశాల, హాస్యం, అన్నీ ఒక్క ఆజ్ఞతో పోయాయి. రాజాశ్రయం ఎంత ఉదారంగా వస్తుందో అంత త్వరగా పోతుంది. ఆశ్రయించినవాడు సంపాదించుకున్నదేదీ అతని హక్కు కాదు. ఈ కథలో నన్ను అన్నిటికంటె కలవరపెట్టేది అదే.

ఇంతకీ రాజ్యమేలిన స్త్రీ మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. 18వ శతాబ్దంలో పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మ పేరు మెదక్ సీమలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆమె యుద్ధంలో చూపిన తెగువకు మెచ్చి నిజాం 'రాయ్ బాగన్' అని బిరుదిచ్చాడని, శంకరంపేట ఆమె పేరున, సంగారెడ్డి ఆమె కొడుకు సంగారెడ్డి పేరున వెలిశాయని పెద్దలు చెబుతారు. అదే ఆసఫ్‌జాహీ వంశం ఒక రాణి కత్తి పట్టి ఏలితే ఆడపులి అని మెచ్చుకుంది. రాణి మనసు పడితే మాత్రం అది తెర మీది బొమ్మే అయినా సహించలేకపోయింది. సంగారెడ్డి బస్టాండులో దిగేవారికి ఆ ఊరి పేరు వెనుక ఒక తల్లి ఉందని తెలియదు. తల్లి పేరు కొడుకు పేరు చాటున దాగిపోయింది.

గంగూలీ కలకత్తాకు తిరిగి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు, 1929లో, బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ అనే కొత్త కంపెనీ పెట్టాడు. తరువాత గొప్ప దర్శకులుగా పేరు తెచ్చుకున్న దేవకీ బోస్, ప్రమథేశ్ బారువా వంటివారు ఆ కంపెనీ దగ్గరే సినిమా ఓనమాలు దిద్దుకున్నారు. టాకీలు వచ్చాక కూడా ఆయన హాస్యాన్ని వదలలేదు. 1974లో పద్మభూషణ్, 1975 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకొని 1978లో కన్నుమూశాడు. మనిషి దక్కాడు. మరి హైదరాబాదు చిత్రాలు?

దీనికి జవాబు చెప్పడానికి నా వృత్తి కొంత పనికి వస్తుంది. నేను రసాయనాల మధ్య బతికేవాణ్ణి. ఆనాటి సినిమా ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్. తుపాకిమందుకు దగ్గరి చుట్టం. గాలిలో తేమ, వేడి తగిలేకొద్దీ అది తనంతట తానే విడిపోయి నత్రజని ఆక్సైడ్లను విడుదల చేస్తుంది. అవి తేమతో కలిసి నత్రికామ్లమవుతాయి. ఆ ఆమ్లం మిగిలిన ఫిల్మును మరింత త్వరగా తినేస్తుంది. మొదట బొమ్మ పసుపు రంగుకు తిరిగి వెలిసిపోతుంది, తరువాత చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, చివరికి మిగిలేది గోధుమరంగు పొడి. ఈలోగా నిప్పు తగిలితే ఆర్పడం అసాధ్యం, ఎందుకంటే మండడానికి కావలసిన ప్రాణవాయువు దానిలోనే ఉంది. మంట నుంచి తప్పించుకున్న రీళ్ళకు వెండి శత్రువయింది. బొమ్మ ఏర్పడేది వెండి రేణువులతోనే. ఆడటం మానేసిన రీళ్ళను వెండికోసం కరిగించేవారు. పాత ఎక్స్‌రే ఫిల్ములు కొంటామంటూ వీధుల్లో తిరిగేవారిని మీరు చూసే ఉంటారు. అదే వెండి, అదే వ్యాపారం. వెండితెర అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ కొలిమి గుర్తుకొస్తుంది.

మన దేశంలో మూకీ యుగంలో సుమారు 1300 చిత్రాలు తయారయ్యాయి. వాటిలో పూర్తిగానో, ముక్కలుగానో మిగిలినవి ముప్ఫైకి లోపే. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పూనాలో మొదలయింది 1964లో. పి.కె. నాయర్ వంటివారు ఊరూరా తిరిగి వెతికినా అప్పటికే చాలా మట్టి అయిపోయింది. 'బెవర్లీ ఆఫ్ గ్రౌస్టార్క్' రంగుల చివరి ఘట్టంతో సహా అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం భద్రతలో బతికింది. కనుక లేని రాజ్యమైన గ్రౌస్టార్క్ దర్బారును మనం ఈనాడు చూడగలం. నిజంగా ఉన్న రాజ్యంలో, నిజమైన వీధుల్లో, 1922లో జనం దేనికి నవ్వారో చూడలేం.

ఇది నాకు సొంత నష్టంలాగే తోస్తుంది. ఒక సమాజం ఎలా బతికిందో శాసనాలు చెబుతాయి, ఫర్మానాలు చెబుతాయి. ఎలా నవ్విందో చెప్పడానికి ప్రహసనాలే కావాలి. పంతులమ్మ అంటే ఆనాటి హైదరాబాదు మగవాడికి ఎందుకు నవ్వొచ్చింది? పెళ్ళి అనే జబ్బుకు, లేక పెళ్ళి లేని జబ్బుకు, ఆ టానిక్కు ఏమిటి? సన్యాసి వేషంలో సైతానా, సైతాను వేషంలో సన్యాసా? పేర్లు మాత్రం మిగిలాయి. అవి కూడా పరాయి ఊరి జాబితాలో మిగిలాయి. ఆ కంపెనీ తీసిన చిత్రాల వల్ల కాక, అది తీయని ఒకే ఒక చిత్రం వల్ల చరిత్రలో దాని పేరు నిలిచింది.

మారువేషాల కథల్లో చివరికి అసలు రూపం బయటపడి, పోగొట్టుకున్నది దక్కుతుంది. ఈ కథకు ఆ ముగింపు మనం పెట్టలేం. అయితే ఒక్క పని చేయగలం. తెలుగునేల మీద మూకీ చరిత్ర రాసుకునేటప్పుడు మద్రాసు పక్కన హైదరాబాదుకు కూడా ఒక గీత గీయవచ్చు. ధీరేంద్రనాథ్ గంగూలీని రజియా కథతో బహిష్కృతుడైనవాడిగా మాత్రమే కాక, మూసీ ఒడ్డున రెండేళ్ళపాటు జనాన్ని నవ్వించినవాడిగా తలచుకోవచ్చు. మీ ఇళ్ళల్లో ఎవరి అటకల మీదనైనా ఆ నాటి హైదరాబాదు సినిమాహాలు కరపత్రమో, టిక్కెట్టు ముక్కో, ఒక ఫొటోనో ఉంటే పాత కాగితాలవాడికి వేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి. మాకు ఇక్కడ రాత్రి షిఫ్టు బండ్లు వస్తూ పోతూనే ఉన్నాయి. శంకరపల్లి వైపు నుంచి కూత వినిపించినప్పుడల్లా, ఆ పట్టాల మీద ఒక రాణి రేకు డబ్బాలో వచ్చిందని, ఆమెను తెరకెత్తినవాడు ఊరు విడిచి వెళ్ళాడని అనుకుంటూ ఉంటాను.